ఐపీ పెట్టిన అమ్మాయి

రాయపూర్‌లో శనివారం క్లాసులు చెప్పినన్నాళ్ళూ మొదటి గంటలో మొదటి మాటగా నేను ఒకటే చెప్పేవాణ్ణి: పాఠంలో పార్టీ పేరు రాకూడదు. అప్పు ఎగ్గొట్టినవాడు 'ఒక వ్యాపారి', అప్పిచ్చింది 'ఒక బ్యాంకు', మిల్లు 'ఒక మిల్లు', అంతే. ఓడినవాడికీ ఊళ్ళో ఒక మొహం ఉంటుంది, బడికి వెళ్ళే పిల్లలుంటారు, రేపు కూరగాయల బజారులో మనకే ఎదురుపడతాడు. ఆ నియమమే ఇక్కడా పాటిస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ లేదు, నాది కూడా లేదు. నాది లేకపోవడానికి కారణం మాత్రం అంత గొప్పది కాదు.

మా నాన్న విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టిందీ, చదివిందీ, నల్లకోటు తొడిగిందీ ఈ ఊళ్ళోనే. కొత్త రాష్ట్రం ఏర్పడి ఫ్యాక్టరీలకు అప్పులు ధారాళంగా దొరుకుతున్న రోజులవి. బ్యాంకులు కోర్టు గుమ్మం ఎక్కకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చనే చట్టం అప్పుడే వచ్చింది. ఊళ్ళో వకీళ్ళలో ఆ చట్టాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది నేనొక్కణ్ణే. అది చూసి నలుగురు సీనియర్లు శంకర్ నగర్‌లో ఒక మేడమీది హాలు అద్దెకు తీసుకుని, శనివారం సాయంత్రం నాలుగింటికి నన్ను బోర్డు ముందు నిలబెట్టారు. వకీళ్ళు వచ్చేవారు, బ్యాంకు ఆఫీసర్లు వచ్చేవారు. దావా, డిక్రీ, జప్తు, వేలం, ఇలా అప్పిచ్చినవాడికి ఉన్న దారులన్నీ హిందీలో విడమరిచి చెప్పేవాణ్ణి. జప్తుని ఇక్కడ కుర్కీ అంటారు. నాకు 'కుర్కీవాలే వకీల్ సాబ్' అని పేరు పడింది. ఆ పేరు వింటే నా ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

నా పాఠాలన్నిటికీ మకుటం అభన్‌పూర్ మిల్లు కథ. ఒక రైసు మిల్లు సరుకు జప్తు చేయడానికి బ్యాంకువాళ్ళతో కలిసి వెళ్ళాను. గోదాము నిండా బస్తాలు. లెక్క సరిపోయింది. బ్యాంకు మేనేజరు సంతకం పెట్టబోతుంటే నాకెందుకో అనుమానం వచ్చి, చిట్టచివరి వరసలో ఒక బస్తా కోయించాను. అంతా ఊక. ముందు రెండు వరసల్లోనే బియ్యం. 'కాబట్టి సోదరులారా, చివరి బస్తా ముందు కోయండి' అని ముగించేవాణ్ణి. హాలు గొల్లుమనేది. ప్రతి ఏడూ అదే కథ, ప్రతి ఏడూ అదే నవ్వు. నాకు విసుగు పుట్టలేదు.

ఆ అమ్మాయిని నా దగ్గరికి తీసుకొచ్చింది వాళ్ళ నాన్న. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు, మా నాన్నకు స్నేహితుడు. కొత్తగా కుట్టించిన నల్లకోటు చేత్తో పట్టుకుని, "బాబూ, దీనికి మీరే దారి సూపాల" అన్నారు. చూపించాను. ఎనిమిదేళ్ళు నా ఆఫీసులో పనిచేసింది. శనివారం క్లాసులో మొదటి వరసలో కూర్చుని నేను చెప్పిందల్లా రాసుకునేది. నేను ఒక సెక్షను నంబరు తప్పు చెబితే అందరిలో అనకుండా చీటీ మీద రాసి బల్లమీద పెట్టేది. అప్పట్లో అది వినయం అనుకుని మురిసిపోయాను.

తరవాత కొత్త దివాలా చట్టం వచ్చింది. పాత దారులన్నీ పక్కకు నెట్టి, కంపెనీల అప్పుల వ్యవహారం మొత్తం కటక్‌లోని ట్రిబ్యునల్‌కు మళ్ళింది. మూణ్ణాళ్ళ ముచ్చట అని నేను పుస్తకం కొనలేదు. ఆమె కొంది. చదివింది, పరీక్ష రాసింది, ఢిల్లీ నుంచి రిజిస్ట్రేషన్ తెచ్చుకుంది. అప్పుల్లో మునిగిన కంపెనీని కొన్నాళ్ళు చేతిలోకి తీసుకుని, ఎవరికెంత ఇవ్వాలో సరిచూసి, అది బతుకుతుందో లేదో తేలేదాకా నడిపించే ఉద్యోగం అది. ఇంగ్లీషులో దాన్ని ఇన్సాల్వెన్సీ ప్రొఫెషనల్ అనీ, పొడిగా రెండక్షరాల్లో ఐపీ అనీ అంటారు. దేవేంద్ర నగర్‌లో సొంత ఆఫీసు పెట్టి, బోర్డు మీద తన పేరు పక్కన ఆ రెండక్షరాలూ రాయించుకుంది.

క్లాసుల కమిటీవాళ్ళు ఆమెను ఒక్క శనివారం చెప్పమన్నారు. తరవాత నెలకు రెండు. ఆ తరవాత నెలకు మూడు. నాకు మిగిలింది నెలాఖరు శనివారం, పాఠం డిక్రీల అమలు. ఏకు మేకై కూర్చోవడం అంటే ఏమిటో నాకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు.

నా క్లాసుకు పాతిక కుర్చీలు వేస్తే ఏడెనిమిది ఖాళీ. ఆమె క్లాసుకు కింద షామియానాలు అద్దెకిచ్చే టెంట్ హౌస్ నుంచి అదనంగా కుర్చీలు తెప్పించేవారు. ఎన్ని తెప్పించారో మెట్ల దగ్గర నిలబడి నేను లెక్కపెట్టేవాణ్ణి. నా రోజున బిస్కెట్లు, ఆమె రోజున వేడివేడి ఆలూగుండా, అంటే మన బంగాళాదుంప బోండా. దుర్గ్ నుంచి, ధమ్తరి నుంచి బ్యాంకు మేనేజర్లు వచ్చి ఆమె చెప్పింది ఫోనుల్లో రికార్డు చేసుకునేవారు. నా గొంతు ఎవరైనా రికార్డు చేసుకున్న పాపాన పోలేదు.

ఒకసారి వెనక వరసలో కూర్చుని విన్నాను, ఎక్కడైనా తప్పు చెబుతుందేమోనని. చెప్పలేదు. పైగా నా మిల్లు కథ ఎత్తుకుంది. "మా గురువుగారు చెప్పిన కథ" అనే మొదలుపెట్టింది, కాదనను. కానీ నేను ఊక దగ్గర ఆపేసే కథను ఆమె ముందుకు తీసుకెళ్ళింది. అన్ని బస్తాల్లో ఊక నింపి, కుట్టి, మోసిన హమాలీలకు కూలి ఎవరిచ్చారు, వాళ్ళ బాకీ సంగతి ఏ కాగితంలో ఉంది అని అడిగింది. హాలు నవ్వలేదు. అందరూ పెన్నులు తీసి రాసుకున్నారు. ఆ గోదాములో కాలు పెట్టింది నేను. ఆ హమాలీలను కళ్ళారా చూసింది నేను. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నాకు తట్టలేదు. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటే ఊరికే అనే మాట అనుకున్నాను గానీ, నిజంగానే కళ్ళు మండాయి.

ఆ పూట అందరూ వెళ్ళాక బోర్డు కింద ఉన్న కొత్త మార్కర్ల డబ్బా సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేశాను. వచ్చే శనివారం ఆమె బోర్డు మీద ఏం రాస్తుందో చూద్దామని. ఆమె ఆ శనివారం బోర్డు వైపు తిరగనే లేదు. గంటన్నర నోటితోనే చెప్పింది.

"మీ కడుపుమంటకి వంటగ్యాసు ఆదా అవుతోంది" అంది మా ఆవిడ, మార్కర్లు అలమరలో చూసి.

ఆ ఏడు కార్తీక వనభోజనాలు అభన్‌పూర్ దారిలో ఒక మామిడితోటలో పెట్టుకున్నారు మా తెలుగువాళ్ళు. భోజనాలయ్యాక మైకులో హౌసీ మొదలైంది. అంకెలు అరుస్తున్నారు. నా పక్కకు వచ్చి కూర్చున్నది రిటైరైన ఇంజను డ్రైవరు ఒకాయన. ఆయన్ని బాబాయ్ అంటాను.

"ఒరే అబ్బాయి, గార్డుగోరి పాప ఐపీ అటగా. సిగ్గు నేకండా బోర్డు మీద కూడా రాసీసుకున్నాదట. నిజిమేనేటి?"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పాతకాలం దివాలా పిటిషనుకు ఆంధ్రా కోర్టు రిజిస్టర్లలో ఐపీ అని నంబరు వేసేవారు. ఆ రెండక్షరాలూ కోర్టు దాటి బజారులో పడి మనవాళ్ళ నోట తిట్టుగా మారాయి. ఫలానావాడు ఐపీ పెట్టాడంటే, అందరి డబ్బూ మింగి చేతులెత్తేశాడని. రాయపూర్ హిందీవాళ్ళకు ఈ మాట తెలియదు, వాళ్ళది 'దివాలా నికల్ గయా'. కాబట్టి ఆ బోర్డు చదివి ఈ పొరపాటు పడగలిగినవాళ్ళు ఊరు మొత్తం మీద మా నాలుగు వందల తెలుగు కొంపలవాళ్ళమే.

బాబాయ్ ఏ ఐపీ గురించి అడుగుతున్నాడో నాకు స్పష్టంగా తెలుసు. ఒక్క వాక్యం చాలు ఆయన అపోహ తీర్చడానికి. ఆ వాక్యం నోటిదాకా వచ్చింది కూడా. దానికి అడ్డంగా టెంట్ హౌస్ కుర్చీలు వచ్చాయి.

"నిజమే బాబాయ్. ఐపీయే. ఢిల్లీ నుంచి కాగితం కూడా వచ్చింది."

"ఢిల్లీ దాకా ఎల్లిపోనాదా! ఎంతకేటి?"

"అది నాకు తెలియదు."

చూడండి, ఒక్కటంటే ఒక్క అబద్ధం లేదు. ప్రమాణం చేయించి బోనెక్కించినా ఇదే సాక్ష్యం చెప్పగలను. పాతికేళ్ళ వకాల్తా నాకు నేర్పిన విద్య ఇది. బాబాయ్ చప్పరించి, తల ఊపి, పక్క చాపవైపు జరిగాడు. నేను హౌసీ టికెట్టు తీసి అంకెలు కొట్టుకున్నాను. ఆ రోజు నాకు చాలా హాయిగా ఉంది, దాచడం ఎందుకు.

మావాళ్ళకు మర్యాద ఎక్కువ. ఆమె మొహం మీద ఎవరూ అడగలేదు. కష్టంలో ఉన్న పిల్లను ఏం అడుగుతాం అని తప్పుకున్నారు. ఆమె ఆఫీసు గది అద్దెకిచ్చిన తెలుగాయన, మా అబ్బాయికి గది కావాలమ్మా అని ఖాళీ చేయమన్నాడు. ఆమె నా దగ్గరికే వచ్చి, ఇక్కడ పెరిగిన పిల్లల హిందీ కలిసిన తెలుగులో అడిగింది.

"ఎందుకో సార్, అంకుల్ ఏకదమ్ మారిపోయారు. మీ ఎరుకలో ఎక్కడైనా గది ఉంటే బతాయించండి."

చూస్తానన్నాను. చూడలేదు.

రెండు వారాల తరవాత ఒక ఆదివారం పొద్దున్నే గార్డుగారు మా ఇంటికి వచ్చారు. కళ్ళల్లో శుక్లాలు ముదిరి, కుర్చీ ఎక్కడుందో చేత్తో తడిమి కూర్చున్నారు. చంకలో ప్లాస్టిక్ కవరు. అందులోంచి ఇంటి దస్తావేజులు తీసి నా బల్ల మీద పెట్టారు.

"లాయరుబాబూ, ఈ ఇల్లు అమ్మితే పాప అప్పు తీరిపోద్దా?"

"ఏ అప్పు గార్డుగారూ?"

"మీకు తెల్దేటి. ఐపీ ఎట్టీసినాది గదా. బజార్లో ఒకలు సెప్తే తెలిసింది. దాన్ని అడగడానికి నాకు నోరు రానేదు. ఇంట్లో నవ్వతానే ఉంటాది పిచ్చిది, నాకు తెల్దనుకుంటాది. కంటి ఆపరేషన్ వద్దని సెప్పీసినాను, ఆ డబ్బులూ కలుత్తాయి. సోమారం బయానా తీసుకుంటన్నాను. సాల్దంటే సెప్పండి, ఇంకేటి సెయ్యాలో."

మా ఆవిడ టీ పట్టుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. నా వైపే చూస్తోంది.

దస్తావేజు మొదటి పేజీ మీద గార్డుగారి వేలిముద్ర ఉంది, పక్కన వంకర సంతకం. ముప్ఫై ఏళ్ళు గూడ్సు బండి చివరి డబ్బాలో ఊగుతూ కట్టుకున్న ఇల్లు. ఇన్నేళ్ళలో ఎన్నో ఇళ్ళు జప్తు చేయించాను. ఎవరికీ బాకీ లేని ఇంటిని అమ్మకానికి తేవడం మాత్రం ఇదే మొదలు.

చెప్పాను. అప్పులు ఎగ్గొట్టడం కాదనీ, ఎగ్గొట్టినవాళ్ళ కంపెనీలను చక్కబెట్టే ఉద్యోగమనీ, కష్టమైన పరీక్ష రాసి తెచ్చుకుందనీ, ఈ ఊళ్ళో అలాంటివాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే ఉన్నారనీ. ఆమెను అంతగా పొగడడం నాకు అదే మొదటిసారి. పొగుడుతుంటే కూడా లోపల ఎక్కడో గుచ్చుకుంది, ఏం చేయను.

"అంటే మా పాప ఎవుల్దీ ఎగ్గొట్టనేదా?"

"ఒక్క రూపాయి లేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుండుతో తుడిచారు. కళ్ళూ తుడుచుకున్నారు. "ఓలమ్మ, పరీచ్చ పాసయితే ఇల్లు అమ్మీబోయినాను" అని నవ్వారు. నవ్వి, కవరులో కాగితాలు సర్దుకుంటూ మామూలుగానే అడిగారు.

"మరి వనభోజనాల్లో డ్రైవరుగోరు మిమ్మల్ని అడిగితే అవునన్నారటగా బాబూ?"

"హౌసీ మైకు గోల గార్డుగారూ. ఆయన ఏమడిగారో నాకు సరిగ్గా వినపడలేదు."

అదీ అబద్ధమంటే. మామిడితోటలో ఆడనిది మా ఇంట్లో, మా ఆవిడ ముందు ఆడాను.

"అదే అనుకున్నాను. మీరలాటోరు కాదు" అన్నారు ఆయన. లేచి గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, వీధంతా వినపడేలా అరిచారు: "ఎల్లొస్తాను బాబూ! సెవులు ఓసారి డాట్టరుకి సూపించుకోండి!"

మా ఆవిడ చల్లారిన టీ నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా ఆమె క్లాసు ఒకటి జరిగింది. పాఠం, అప్పులవాళ్ళు వేసే క్లెయిములు. కంపెనీ దివాలాకు వెళ్ళగానే ఐపీ ముందు పత్రికలో ప్రకటన ఇవ్వాలి. రావలసినవాళ్ళు రుజువులతో సహా క్లెయిము వేయాలి. రుజువు చూడకుండా దేన్నీ ఒప్పుకోకూడదు. ఇదంతా చెప్పి, ఆమె ఒక్క క్షణం ఆగి నవ్వింది.

"మేరా దివాలా ముఝ్‌సే పహలే మేరే పితాజీ కో పతా చలా" అంది.

నా దివాలా సంగతి నాకంటే ముందు మా నాన్నకి తెలిసిందని. హాలంతా సర్దుకుని కూర్చుంది. తెలుగువాళ్ళ నోట ఐపీ అంటే ఏమిటో చెప్పింది. మా కాలనీలో నామీద ప్రకటన వెలువడింది, క్లెయిము మాత్రం ఒక్కరూ వేయలేదు, ఎందుకంటే ఒక్కరికీ నేను బాకీ లేను అంది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. అప్పుడు గొంతు తగ్గించి, ఇంటి కాగితాలు చంకలో పెట్టుకుని, కనపడని కళ్ళతో ఆటో ఎక్కిన ఒక తండ్రి గురించి చెప్పింది. రుజువు అడగకుండా క్లెయిము ఒప్పేసుకునేది ఇంట్లోవాళ్ళే అంది. ముందు వరసలో ఒక బ్యాంకు మేనేజరు కళ్ళజోడు తీశాడు. "ఒక సీనియర్ వకీల్ సాబ్ సమయానికి నిజం చెప్పారు, లేకపోతే ఈపాటికి ఇల్లు పోయేది" అని ముగించింది. పేరు చెప్పకపోయినా ఆమె గురువు నేనేనని అందరికీ తెలుసు. తలలు వెనక్కి తిరిగాయి. చప్పట్లు కొట్టారు. ఆ హాలులో నాకు చప్పట్లు పడి ఎన్నో ఏళ్ళయింది. లేచి నమస్కారం పెట్టాను, ఇంకేం చేయాలో తెలియక.

మెట్లమీద టీ కప్పుతో నిలబడితే ఆమె నా పక్కకు వచ్చింది.

"డ్రైవరు తాతగారిని నేను కలిశాను సార్. ఆయన అడిగిందీ, మీరు చెప్పిందీ అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. ఢిల్లీ కాగితం సంగతితో సహా."

కోర్టులో ఎదుటివాడి మాటను ఖండించకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. నేను ఖండించలేదు.

"మరి క్లాసులో ఎందుకు చెప్పలేదు?" అన్నాను చివరికి.

"పార్టీ పేరు పాఠంలో రాకూడదని మీరే కదా సార్ నేర్పారు."

కోపంగా అనలేదు. నా ఆఫీసులో ఉన్నప్పుడు చీటీ మీద సెక్షను నంబరు రాసి బల్లమీద పెట్టినట్టే అంది. రెండు మెట్లు దిగి ఆగింది. "మార్కర్లు మాత్రం తెచ్చేయండి సార్. అవి కమిటీవాళ్ళవి."

తరవాతి శనివారం అందరికంటే ముందే వెళ్ళి డబ్బా బోర్డు కింద పెట్టేశాను. ఆ పూట కూడా కింద నుంచి కుర్చీలు వచ్చాయి, ఆ పూట కూడా లెక్కపెట్టాను, ఇరవై రెండు. బుద్ధి వచ్చింది గానీ మంట చల్లారలేదు. మనిషి ఒక దెబ్బతో బాగుపడిపోతాడని చెప్పేవాళ్ళను నేను నమ్మను. ఎప్పటిలాగే వెనక వరసలో, తలుపు పక్కన చోటు చూసుకుని కూర్చున్నాను.

ఇంతలో గార్డుగారు వచ్చారు. కంటి ఆపరేషన్ అయింది, నల్లద్దాలు పెట్టుకున్నారు. కూతురు పాఠం చెబుతుంటే చూడాలని మొదటిసారి వచ్చారట. హాలంతా కలయజూసి, నన్ను గుర్తుపట్టి, తిన్నగా నా దగ్గరికి నడిచి వచ్చి చెయ్యి పట్టుకుని లేపారు. వద్దంటున్నా వినకుండా అందరి మధ్య నుంచి మొదటి వరస దాకా నడిపించుకెళ్ళి, తన కోసం అట్టిపెట్టిన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. తను పక్కన స్టూలు మీద సర్దుకున్నారు. బోర్డు దగ్గర ఆమె మా ఇద్దరినీ చూస్తోంది.

ఆయన నా చెవి దగ్గరికి వంగి, హాలంతా వినేలా గట్టిగా అన్నారు:

"ఇక్కడ కూకోండి బాబూ. ఇక్కడైతే మీకన్నీ బాగా వినపడతాయి."